ఆర్‌ఎస్‌ఓకి ‘ఆపండి’ అనే హక్కు రాసివ్వాలి

ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినవాళ్ళకి మన దగ్గర మామూలుగా కనబడే దారులు మూడు. ఏదో ఒక ఇంటర్ కాలేజీలో చేరి పొద్దున ఆరింటి నుంచి నీట్, జేఈఈ బ్యాచ్‌లకి పాఠాలు చెప్పడం. అమీర్‌పేటలో ఒక కోర్సు నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్ళిపోవడం. లేదంటే నెట్, సెట్ రాసుకుంటూ యూనివర్సిటీ హాస్టల్లోనే ఇంకొన్నేళ్ళు గడపడం. ఇంకో దారి ఉందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. బార్క్‌లో, అంటే ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో, డిప్లొమా చేసిన మా సీనియర్ ఒకాయన, "కేన్సర్ ఆసుపత్రుల్లో ఫిజిక్స్ వాళ్ళకి పనుంటుందిరా" అంటే ముందు నమ్మలేదు కూడా. అట్లా వచ్చి ఈ రంగంలో పడ్డాను. మెడికల్ ఫిజిసిస్టుగా, అంటే పేషెంట్లకి ఇచ్చే రేడియేషన్ లెక్కలు చూసేవాడిగా, దాంతో పాటు రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఈ రెండోదాన్నే మా వాడుకలో ఆర్‌ఎస్‌ఓ అంటాం.

ఇప్పుడు నన్ను పిల్లలు అడుగుతుంటారు. జీతం ఎంత ఉంటుంది సార్, పరీక్ష కష్టమా సార్. కాస్త చనువు వచ్చాక, కొంచెం మొహమాటపడుతూ, ఆరోగ్యానికి ఏమీ కాదు కదా సార్ అని. అన్నిటికీ జవాబు చెబుతాను. కానీ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: పని ప్రమాదకరంగా నడుస్తోందని తెలిసినప్పుడు దాన్ని ఆపించే అధికారం ఆ కుర్చీకి ఉంటుందా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన దేశంలో ఆ అధికారం కాగితం మీద సగమే ఉంది, ఆచరణలో అంతకన్నా తక్కువ. ఉన్న కాస్తా వాడుకోవడం మన శిక్షణలో నేర్పడం లేదు.

ముందు ఈ పని ఎక్కడెక్కడ ఉంటుందో చూద్దాం. రేడియేషన్ అనగానే చాలామందికి అణు విద్యుత్ కేంద్రం గుర్తొస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి కేంద్రం ఇంతవరకు లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడ ఏళ్ళ తరబడి ప్రతిపాదనల్లోనే ఉంది. అయినా రేడియేషన్‌తో పని మన చుట్టూ బోలెడంత ఉంది. హైదరాబాద్‌లో అణు ఇంధన సముదాయం ఉంది, రేడియేషన్ కొలిచే పరికరాలు తయారుచేసే ఈసీఐఎల్ ఉంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. నల్గొండ, తాడిపత్రి వైపు సిమెంట్ ఫ్యాక్టరీల్లో గొట్టాల్లో, తొట్లలో సరుకు ఎంతుందో బయటి నుంచే కొలవడానికి సీజియం సోర్సులు (రేడియేషన్ వెలువరించే చిన్న గుళికలు) ఉన్న గేజ్‌లు వాడతారు. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి రాయి ఎలాంటిదో తెలుసుకోవడానికి సోర్సులను బావిలోకి దింపుతారు. విశాఖలో ఓడల దగ్గర, రిఫైనరీ పైపుల దగ్గర వెల్డింగ్ సరిగా పడిందో లేదో చూడడానికి ఇరిడియం కెమెరాతో ఫోటో తీస్తారు. ఇక ఆసుపత్రుల సంగతి చెప్పక్కర్లేదు. ఎక్స్‌రే, సీటీ, క్యాథ్‌ల్యాబ్, పెట్ స్కాన్, మన పేషెంట్లు ‘కరెంటు పెట్టడం’ అనే రేడియోథెరపీ. ఇన్ని చోట్లా చట్టప్రకారం ఎవరో ఒకరు ఆర్‌ఎస్‌ఓగా ఉండాలి.

అందులోకి వెళ్ళే దారి పనిని బట్టి మారుతుంది. రేడియోథెరపీకైతే ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత ముంబైలో బార్క్ నడిపే ఏడాది డిప్లొమా. రేడియలాజికల్ ఫిజిక్స్‌లో ఈ కోర్సు 1962 నుంచి నడుస్తోంది, దేశంలో పాతతరం మెడికల్ ఫిజిసిస్టుల్లో ఎక్కువమంది అక్కణ్ణుంచి వచ్చినవాళ్ళే. లేదా గుర్తింపున్న యూనివర్సిటీలో మెడికల్ ఫిజిక్స్ ఎమ్మెస్సీ. దాని తర్వాత రేడియోథెరపీ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన ఆర్‌ఎస్‌ఓ పరీక్ష. అది పాసై, ఆసుపత్రి మన పేరు పంపితే అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదిస్తుంది. మేమంతా దాన్ని ఏఈఆర్‌బీ అనే అంటాం. 1983లో పెట్టారు. గేజ్‌ల ఫ్యాక్టరీకైతే కొద్ది రోజుల శిక్షణతో సరిపోతుంది. అణుశక్తి విభాగంలోనే చేరాలనుకుంటే 1957 నుంచి నడుస్తున్న బార్క్ ట్రైనింగ్ స్కూల్ ఉంది. బీఎస్సీ వాళ్ళకి స్టైపెండరీ ట్రైనీగా చేరే దారి ఉంది.

ఒక్క చోట మాత్రం ఆగి హెచ్చరించాలి. విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ ఎన్‌డీటీ, అంటే వస్తువుని పాడుచేయకుండా లోపాలు పట్టే పరీక్షలు, నేర్పే కోచింగ్ సెంటర్లు చాలా ఉన్నాయి. కొద్ది వారాల్లో లెవెల్ టూ సర్టిఫికెట్, ఆ తర్వాత గల్ఫ్‌లో ఉద్యోగం అని ఫ్లెక్సీలు కడతారు. ఫిల్మ్ చూసి వెల్డింగ్‌లో లోపం పట్టుకోవడానికి ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది. ఇరిడియం ఉన్న కెమెరా చేతిలోకి తీసుకోవాలంటే ఏఈఆర్‌బీ ఒప్పుకునే రేడియోగ్రఫీ శిక్షణ వేరే ఉంది. అది లేకుండా, "పక్కన ఉండి నేర్చుకుందువులే" అని సైటుకి పంపేవాళ్ళుంటే వెళ్ళకండి.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. కెమెరాలో యాభై క్యూరీల ఇరిడియం ఉందనుకోండి (క్యూరీ అంటే సోర్సు బలానికి కొలమానం). అది షీల్డులో నుంచి బయటికొచ్చి తిరిగి లోపలికి వెళ్ళకపోతే, ఒక మీటరు దూరంలో నిలబడినవాడికి రేడియేషన్ ఉద్యోగికి ఏడాదికి సగటున అనుమతించే డోసు సుమారు ఐదు నిమిషాల్లో పడిపోతుంది. చేత్తో పట్టుకుంటే ఇక లెక్కలు అక్కర్లేదు. 1999 ఫిబ్రవరిలో పెరూలోని యనాంగో జలవిద్యుత్ కేంద్రంలో ఇదే జరిగింది. ఒక వెల్డరు కింద పడివున్న చిన్న లోహపు ముక్కను చూసి, పనికొస్తుందేమోనని ప్యాంటు వెనక జేబులో వేసుకున్నాడు. అది రేడియోగ్రఫీ కెమెరాలోంచి ఊడిపడిన ముప్ఫైఏడు క్యూరీల ఇరిడియం సోర్సు. గంటల తరబడి జేబులోనే ఉంది, ఇంటికి కూడా వెళ్ళింది. చివరికి అతని కాలు తీసేయాల్సి వచ్చింది. రాత్రి కెమెరాతో ఫోటోలు తీస్తే ఫిల్మ్ మీద ఏమీ రాకపోవడంతో అప్పుడు వెతికారు. రేడియేషన్ కొలిచే సర్వే మీటర్ పట్టుకుని ఒక్కసారి చుట్టూ తిరిగి ఉంటే చాలు. అంతకంటే పెద్ద సైన్సేమీ అవసరం లేదు.

ఆరోగ్యం ప్రశ్న కూడా ఇక్కడే తేల్చేద్దాం. మన దగ్గర రేడియేషన్ ఉద్యోగికి పరిమితి ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి పడే డోసుకి కొలమానం ఇది), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు జనానికి 1. భూమి మీద ఉన్నందుకు, గాలి, రాయి, ఆకాశం నుంచి ప్రతి మనిషికీ ప్రపంచ సగటున ఏడాదికి 2.4 ఎలాగూ వస్తుంది. పద్ధతిగా నడిచే లినాక్ (రేడియోథెరపీ ఇచ్చే మెషీన్) విభాగంలో మా ఛాతీ మీద, ఒంటికి పడిన డోసు నమోదు చేసే టీఎల్‌డీ బ్యాడ్జ్ మూడు నెలలకొకసారి చూపించే అంకె చాలాసార్లు సున్నాకి దగ్గర్లోనే ఉంటుంది. క్యాథ్‌ల్యాబ్‌లో గుండె డాక్టర్ల పరిస్థితి అంత తేలిక కాదు. వాళ్ళ కళ్ళకి పడే డోసును తేలిగ్గా తీసుకోకూడదు, శుక్లాలు వచ్చే ప్రమాదం ఉంది. పిల్లలు పుట్టరనీ, పుట్టినా లోపాలుంటాయనీ అనేది మాత్రం మా పెళ్ళిచూపుల్లో తప్పనిసరిగా వచ్చే మాట. హిరోషిమా, నాగసాకి బాధితుల పిల్లలను దశాబ్దాలుగా గమనిస్తున్నా వంశపారంపర్య లోపాలు పెరిగినట్టు తేలలేదని చెబితే, పెళ్ళికూతురి మేనమామ నా వంక చూసి, "అదంతా సరే బాబూ, బదిలీ ఏమైనా పెట్టుకోవచ్చా?" అన్నాడు.

ఇక అసలు విషయం. నేను గతంలో పనిచేసిన ఒక ఆసుపత్రిలో లినాక్ గది తలుపు ఇంటర్‌లాక్ చెడింది. తలుపు తెరిచి ఉంటే బీమ్ రాకూడదు, మధ్యలో ఎవరైనా తెరిస్తే ఆగిపోవాలి, అదీ ఆ స్విచ్ పని. తలుపు పూర్తిగా వేసి ఉన్నా స్విచ్ సరిగా పడక, ట్రీట్‌మెంట్ మధ్యలో మెషీన్ ఆగిపోవడం మొదలైంది. సర్వీస్ ఇంజినీరు చూసి, పార్టు ముంబై నుంచి రావాలి, రెండు రోజులు పట్టొచ్చు అన్నాడు. అని ఊరుకోకుండా, గొంతు తగ్గించి, "ఈలోపు షార్ట్ చేసి నడిపేద్దాం సార్, అందరూ చేసేదే" అన్నాడు.

బయట వరండాలో పేషెంట్లున్నారు. మార్కాపురం నుంచి తెల్లవారుజాము బస్సెక్కి వచ్చినవాళ్ళు, ఆసుపత్రి ఎదురుగా గది అద్దెకి తీసుకుని నెలరోజులుగా ఉంటున్నవాళ్ళు. నేను మెషీన్ ఆపుతున్నానని రాసిచ్చాను. పావుగంటలో పై నుంచి మేనేజర్ దిగాడు. ఆయన వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. తలుపు దగ్గర ఒక మనిషిని నిలబెడదాం, ఎవర్నీ లోపలికి పోనివ్వడు, రెండు రోజులే కదా, ఇంతమంది పేషెంట్లకి ట్రీట్‌మెంట్ ఆగితే నష్టం కాదా అన్నాడు.

నష్టమే. తల, మెడ కేన్సర్లలో ట్రీట్‌మెంట్ మొత్తం కాలం ఒక్క రోజు పెరిగినా, కణితి అదుపులోకి వచ్చే అవకాశం ఒక శాతం అటూఇటూగా తగ్గుతుందని మా రంగంలో అందరికీ తెలుసు. ఆపడం వల్ల ఎవరికీ ఏమీ కాదు అనుకునే ఆర్‌ఎస్‌ఓ తన పని సగమే చేస్తున్నాడు. కానీ తలుపు దగ్గర నిలబెట్టే మనిషికి ఫోనొస్తుంది, ఆకలేస్తుంది, సూపర్‌వైజర్ పిలుస్తాడు. ఊడ్చే ఆమె పక్క తలుపులోంచి వచ్చి, మెషీన్ ఆగి ఉందనుకుని లోపలికి నడుస్తుంది. ఇంటర్‌లాక్ పెట్టిందే మనిషి మరిచిపోతాడని తెలుసు కాబట్టి. పైగా ఈసారి షార్ట్ చేసి నడిపి ఏమీ కాకపోతే, వచ్చేసారి పార్టు వారం రోజులు ఆలస్యమైనా నడుపుతారు. ఆ తర్వాత ఆ వైరు అక్కడే ఉండిపోతుంది. నేను ఒప్పుకోలేదు.

పార్టు మర్నాడు సాయంత్రానికి వచ్చింది. రెండు రోజులు అన్నది ఒకటిన్నర అయింది. రేడియేషన్ ఆంకాలజిస్టు, నేను కూర్చుని ఏ పేషెంటుకి ఎంత గ్యాప్ వచ్చిందో చూసుకుని, గ్యాప్ ఎక్కువ నష్టం చేసేవాళ్ళకి ఒకే రోజు రెండు ఫ్రాక్షన్లు (ట్రీట్‌మెంట్ విడతలు), మధ్యలో కనీసం ఆరు గంటలు ఎడమిచ్చి సర్దాం. టెక్నాలజిస్టులు రాత్రి పొద్దుపోయేదాకా ఉన్నారు. ఆ ఏడాది అప్రైజల్‌లో నా పేరు పక్కన ‘టీమ్‌తో కలిసి పనిచేయడం మెరుగుపడాలి’ అని రాశారు. ఆ టీమే రాత్రి దాకా నాతో పాటు ఉంది మరి!

అప్పుడు నేను చట్టం తీసి చదివాను. మనకు ఈ విషయంలో ఆధారం 2004 నాటి అణుశక్తి రేడియేషన్ రక్షణ నియమాలు. వాటిలో ఆర్‌ఎస్‌ఓ బాధ్యతలు చెప్పేచోట ప్రధానంగా కనిపించేది యజమానికి, లైసెన్స్ ఉన్నవారికి భద్రత విషయాల్లో సలహా ఇవ్వడం, సహాయపడడం. ప్రమాదానికి దారితీసే పరిస్థితి వస్తే వెంటనే దిద్దుబాటు చర్యలు మొదలుపెట్టమనీ ఉంది, న్యాయంగా అదీ చెప్పాలి. కానీ ఆ దిద్దుబాటు యజమానికి నచ్చకపోతే ఏమిటి? ఆర్‌ఎస్‌ఓని నియమించేది యజమాని, జీతమిచ్చేది యజమాని, అప్రైజల్ రాసేది యజమాని. సలహా అన్న మాటకి అర్థమే వినడం వినకపోవడం అవతలివాళ్ళ ఇష్టం అని.

అమెరికా అణు నియంత్రణ కమిషన్ నియమాల్లో వైద్యంలో రేడియేషన్ వాడకానికి వేరే భాగం ఉంది. అందులో ఆర్‌ఎస్‌ఓకి లోపాలు గుర్తించడానికి, సరిదిద్దే పని మొదలుపెట్టడానికి, సురక్షితం కాని పనిని ఆపడానికి, సరిదిద్దారో లేదో చూసుకోవడానికి తగినంత అధికారం, సంస్థలో స్వేచ్ఛ, సమయం, వనరులు యాజమాన్యం ఇచ్చి తీరాలని స్పష్టంగా ఉంది. బాధ్యత ఒప్పుకుంటున్నట్టు ఆర్‌ఎస్‌ఓ కూడా రాసివ్వాలి. ‘సమయం’ అని కూడా రాశారు చూడండి, నాకు అది బాగా నచ్చింది. మన దగ్గర రోజంతా పేషెంట్ల ట్రీట్‌మెంట్ ప్లానింగ్ చేసే ఫిజిసిస్టుకే ఆర్‌ఎస్‌ఓ పని అదనంగా అప్పగిస్తారు. సర్వే మీటర్ పట్టుకుని గదులు తిరగడానికి అతనికి మిగిలేది పేషెంట్లు వెళ్ళిపోయాక సాయంత్రం. అమెరికాలో అన్నీ సవ్యంగా జరుగుతాయని అనడం లేదు. ఆపే హక్కు నియమంలో ఉంటే, మేనేజర్ ముందు నిలబడినప్పుడు అది నీ మొండితనం కాదు, నీ డ్యూటీ అవుతుంది. తేడా అంతా అక్కడే ఉంది.

"మన దగ్గర ఏఈఆర్‌బీకి రాస్తే చాలు కదా" అని ఒక మిత్రుడన్నాడు. రాయొచ్చు. ఏఈఆర్‌బీకి లైసెన్స్ రద్దుచేసే అధికారం ఉంది, వాళ్ళ తనిఖీలంటే అందరికీ టెన్షనే. కానీ ముంబైకి మెయిల్ పెట్టి జవాబు వచ్చేలోపు ఆ మధ్యాహ్నం ట్రీట్‌మెంట్లు అయిపోతాయి. అదీకాక సొంత సంస్థ మీద పై వాళ్ళకి రాసే మనిషి ఆ సంస్థలో ఎన్నాళ్ళుంటాడో అందరికీ తెలుసు. తనిఖీకి వచ్చేవాళ్ళు వెళ్ళిపోతారు, ఆర్‌ఎస్‌ఓ అక్కడే ఉండాలి.

చట్టం ఒక్కటే మారితే చాలదు. నా శిక్షణ గుర్తు చేసుకుంటే, అందులో బాగున్నవి చాలా ఉన్నాయి. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతు అవుతుందని సూత్రం చెప్పి వదిలేయకుండా మీటర్ చేతికిచ్చి కొలిపించారు. సోర్సు ఇరుక్కుపోతే ఏం చేయాలో డమ్మీ సోర్సుతో, పొడవాటి చిమ్టాలతో డ్రిల్ చేయించారు. గోడ ఎంత మందం ఉండాలో కాంక్రీటు లెక్కలు అర్ధరాత్రుళ్ళు వేయించారు. వైవాలో చెమటలు పట్టించారు. కానీ ఎదురుగా ఒక పెద్ద డాక్టరుగారో ఫ్యాక్టరీ జీఎమ్మో నిలబడి, "నడిపించు, నేను చూసుకుంటాను" అంటే ఏమనాలో ఒక్క గంట కూడా ఎవరూ నేర్పలేదు. మన ఊళ్ళలో పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పకూడదని పెరిగిన కుర్రాడికి, డాక్టరుగారు అనగానే లేచి నిలబడే అమ్మాయికి, ఆ గంట కాంక్రీటు లెక్కకన్నా ఎక్కువ అవసరం.

ఇది నేర్పలేని విషయం, స్వభావం అంటారు కొందరు. విమానాల వాళ్ళు అలా అనుకోలేదు. 1977 మార్చి 27న టెనెరిఫ్‌లో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ తీసుకుంటున్న విమానంలో ఫ్లైట్ ఇంజినీరు, అవతలి విమానం రన్‌వే ఖాళీ చేసిందా అని అనుమానం వెలిబుచ్చాడు. ఎంతో పేరున్న సీనియర్ కెప్టెన్ చేసిందనేశాడు, ఇంజినీరు ఇక రెట్టించలేదు. అలాంటి ప్రమాదాల తర్వాతే కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడిని ఎలా ఆపాలి, ఏ మాటలతో, ఎన్నోసారికి గొంతు పెంచాలి అన్నది పాఠంగా పెట్టి, సిమ్యులేటర్‌లో ప్రాక్టీసు చేయిస్తున్నారు. ఆర్‌ఎస్‌ఓ శిక్షణలో కూడా ఒక పూట అలాంటి నాటకం పెట్టొచ్చు. రిటైరైన సీనియర్ ఫిజిసిస్టుని మేనేజరుగా కూర్చోబెట్టండి. పేషెంట్లు ఏడుస్తున్నారని, ఫ్యాక్టరీ ఆగితే గంటకి ఎంత నష్టమో అని ఆయన ఒత్తిడి చేయాలి, శిక్షణలో ఉన్నవాడు మర్యాద తప్పకుండా వెనక్కి తగ్గకుండా నిలబడాలి. దానికి మార్కులు వేయండి. ఖర్చు పెద్దగా ఉండదు.

ప్రమాదాల చరిత్ర చూసినా ఫిజిక్స్ తెలియక జరిగినవి తక్కువే. ఢిల్లీ మాయాపురి సంగతే తీసుకోండి. ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో 1968లో కెనడా నుంచి కొన్న గామా సెల్ (ప్రయోగాల కోసం వస్తువులకి రేడియేషన్ ఇచ్చే పరికరం) 1985 నుంచి వాడకంలో లేదు. 2010లో పాత సామానుతో పాటు వేలం వేసేశారు. తుక్కు కొట్టులో దాన్ని విప్పారు. లోపలి కోబాల్ట్-60 ఒక కార్మికుడి ప్రాణం తీసింది, మరికొందరు ఆసుపత్రుల పాలయ్యారు. కోబాల్ట్ బలం 5.27 ఏళ్ళకి సగమవుతుంది. 42 ఏళ్ళలో కొన్ననాటి బలంలో దాదాపు 250వ వంతుకి పడిపోయి ఉండాలి. ఆ మిగిలిందే చాలింది. అది ఒక యూనివర్సిటీ, ఫిజిక్స్ తెలిసినవాళ్ళకి అక్కడ కొదవ లేదు. ఆ పెట్టె ఎక్కడుందో లెక్క చూసుకుంటూ, వేలం కాగితం మీద ‘ఇది పోకూడదు’ అని రాయడమే ఉద్యోగంగా ఉన్న మనిషి లేడు.

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక గని నుంచి పెర్త్‌కి 1,400 కిలోమీటర్లు లారీలో వెళ్తున్న గేజ్‌లోంచి ఎనిమిది మిల్లీమీటర్ల సీజియం గుళిక దారిలో పడిపోయింది. కుదుపులకి బోల్టు ఊడి ఆ రంధ్రంలోంచి జారిందని అధికారులు అన్నారు. పెట్టె విప్పి చూసేదాకా పోయిందని ఎవరికీ తెలియదు. డిటెక్టర్లు కట్టుకున్న వాహనాలతో ఆ ఎడారి రోడ్డంతా వెతికి ఫిబ్రవరి 1న పట్టుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మన సిమెంట్ ఫ్యాక్టరీల గేజ్‌లు గుర్తొచ్చాయి. దుమ్ములో, అదురులో ఏళ్ళ తరబడి ఉండే ఆ పెట్టెల బోల్టులు చూడాల్సింది కొద్ది రోజుల శిక్షణ తీసుకున్న, మిగతా సమయమంతా ఇన్‌స్ట్రుమెంటేషన్ పనిలో ఉండే ఇంజినీరే. ఆయన ‘ఈ గేజ్ తీసేదాకా లైన్ ఆపండి’ అని రాస్తే ఏం జరుగుతుందో ఊహించుకోండి.

ఎక్స్‌రే సెంటర్ల విషయం ఇంకా దారుణంగా ఉండేది. 2012లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాలుంటే ఏఈఆర్‌బీ దగ్గర నమోదై ఉన్నవి 5,270. అంటే నూటికి తొంభై పైగా లెక్కలో లేవు. ప్రతి రాష్ట్రంలో రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ పెట్టమని సుప్రీం కోర్టు 2001లోనే చెప్పినా, కేరళ లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప కదలిక లేదని అదే నివేదిక చెప్పింది. ఆ తర్వాత ఈలోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థ వచ్చి నమోదులు బాగా పెరిగాయి, అది నిజంగా మెచ్చుకోదగ్గ మార్పు. కానీ నమోదుతో పాటు అప్‌లోడ్ చేయాల్సిన కాగితాలూ పెరిగాయి. చిన్న సెంటర్లలో డాక్టరుగారే యజమాని, ఆయనే ఆర్‌ఎస్‌ఓ. తనని తాను ఆపుకోవాలి పాపం! మెషీన్ క్వాలిటీ టెస్టులు చేసే ఏజెన్సీల్లో ఫిజిక్స్ కుర్రాళ్ళకి ఇప్పుడు ఉద్యోగాలు బాగానే ఉన్నాయి. చేరేముందు ఒకటి తెలుసుకోండి: మెషీన్ ఫెయిలైందని రిపోర్టు ఇస్తే ఆ ఏజెన్సీ మీ పక్కన నిలబడుతుందా, మళ్ళీ కొలవమని పంపుతుందా?

జీతం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే వ్యాసమంతా సన్యాసి ప్రవచనంలా ఉంటుంది. మొదట్లో సాఫ్ట్‌వేర్ స్నేహితుల ముందు చిన్నబోతారు, అనుభవం వచ్చాక మర్యాదగా బతకొచ్చు. సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు తక్కువ, ఆర్‌ఎస్‌ఓ లేకపోతే లైసెన్స్ రాదు కాబట్టి ఉద్యోగానికి భద్రత ఉంది. ఆ కొరతే మన చేతిలో ఉన్న బలం. ‘మీ సంతకం లేకుండా మెషీన్ మొదలు కాదు’ అని ఆసుపత్రి మనల్ని తీసుకుంటున్నప్పుడు, ‘నేను వద్దంటే ఆగుతుందా’ అని అడిగే సమయం అదే. చేరాక అడిగితే అది పేచీ అవుతుంది.

దీనికి పెద్ద సంస్కరణలు అక్కర్లేదు. ఆర్‌ఎస్‌ఓ నియామక పత్రం నమూనాలో ఏఈఆర్‌బీ మూడు వాక్యాలు చేరిస్తే చాలు. పని ఆపే అధికారం ఉందని ఒకటి. భద్రత విషయాల్లో నేరుగా సంస్థ అధిపతికే నివేదిస్తాడని ఒకటి. పని ఆపిన తర్వాత ఏడాదిలోపు ఆ మనిషిని తీసేసినా, మార్చినా కారణం ఏఈఆర్‌బీకి రాతపూర్వకంగా చెప్పాలని మూడోది. దుర్వినియోగం చేస్తారేమో అని భయపడేవాళ్ళకి జవాబు: ఆపిన ప్రతిసారీ కారణం రాసి పంపాలని ఆర్‌ఎస్‌ఓకీ షరతు పెట్టండి. ఊరికే మెషీన్ ఆపి పేషెంట్ల చేత తిట్లు తినడానికి ఎవడూ సరదాపడడు.

అది వచ్చేదాకా ఎవరికి వాళ్ళు చేసుకోగలిగింది ఒకటుంది. అనంతపురం నుంచి మెడికల్ ఫిజిక్స్ చేసిన ఒక అమ్మాయి ఆఫర్ లెటర్ పట్టుకుని ఫోన్ చేసింది. పని ఆపే అధికారం ఉందన్న వాక్యం లెటర్లో పెట్టమని అడగమన్నాను. అడిగింది. హెచ్‌ఆర్ వాళ్ళు మా ఫార్మాట్‌లో అలాంటి లైన్ లేదు మేడమ్ అన్నారు. అయితే చేరే రోజునే విభాగాధిపతికీ మేనేజర్‌కీ ఒక మెయిల్ పెట్టమన్నాను: ఇంటర్‌లాక్, ఏరియా మానిటర్, ఎమర్జెన్సీ స్విచ్, వీటిలో ఏది పనిచేయకపోయినా సరయ్యేదాకా బీమ్ ఆపుతాను, అలా కుదరదంటే ఇప్పుడే చెప్పండి అని. రెండు రోజులకి ఒకే మాటతో జవాబొచ్చింది: ‘నోటెడ్’. దాన్ని ప్రింట్ తీసి, సర్వే రిపోర్టులుండే ఫైల్లో మొదటి కాగితంగా పెట్టుకోమన్నాను.